కొండ దిగిన మనస్సు

యాత్రకు బయలుదేరు దినమున ఇంటిల్లిపాదికి కలుగు ఉత్సాహమును గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. యాత్ర ముగించి ఇల్లు చేరిన మరునాడు మనస్సును క్రమ్ముకొను దిగులును గూర్చి చెప్పువారు అరుదు. అది పైకి చెప్పుకొనరానిదని పలువురు తలంతురు. స్వామిని దర్శించి వచ్చినవాడు సంతోషముగా ఉండవలెను గదా, విచారముగా ఉన్నదని చెప్పినచో దర్శనఫలము దక్కలేదని లోకులు అనుకొందురేమో యని జంకుదురు. అందుచేత ఆ దిగులు మాటకు రాక లోలోపలనే ఉండిపోవును. కాని వైష్ణవ సంప్రదాయమున ఈ దిగులునకు గొప్ప చరిత్ర కలదు. పురాణములు దానిని దాచలేదు. ఆళ్వారులు దానిని పాడిరి. ఆచార్యులు దానికి పేరు పెట్టి, దాని ప్రయోజనమును తెలిపిరి.

మెదకు పట్టణము నుండి తిరుమల ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుండి మెదకునకు రైలుమార్గము తెరువబడినది. అంతకుముందు ఊరివారు బస్సులో హైదరాబాదు చేరి రైలెక్కుట వాడుక. నేడు ఊరి స్టేషనులోనే బండి యెక్కి కాచిగూడ చేరి, అచటి నుండి తిరుపతికి పోవుటకు వీలు కలిగినది. త్రోవ ఏదైనను తిరుగు ప్రయాణపు చివరి ఘట్టము మాత్రము మారలేదు. సంచులు బరువుగా నుండును. పిల్లలు నిద్రమత్తులో నుందురు. దూరమున కోటగుట్ట కనిపించును. తాళము తీయగానే నాలుగు దినములు మూసియున్న ఇంటి వాసన ముఖమునకు తగులును.

అట్టి ఒక గృహమును భావించి చూడవచ్చును. గృహస్థు అలిపిరి నుండి 3,550 మెట్లు గోవిందనామస్మరణతో ఎక్కి వచ్చినవాడు. మరునాటి ఉదయము అతడు కార్యాలయమునకు పోవలెను. ఇల్లాలు నాలుగు దినములు పొయ్యి వెలిగించు పని లేక, ఏ జామున ఏమి వండవలెనను చింత లేక, గోవిందా యను పిలుపు తప్ప వేరొక శబ్దము చెవిని పడని చోట ఉండి వచ్చినది. ఇంట అడుగుపెట్టగానే ఆమె యెదుట విడిచిన బట్టల మూట, ఖాళీ నీళ్లబిందె, ఆరిపోయిన పొయ్యి నిలిచినవి. పొరుగింటి ముసలమ్మ గుమ్మములోనికి వచ్చి, "స్వామిని మంచిగ చూసినవా బిడ్డా?" అని అడిగినది. "చూసిన్నవ్వా" అని మాత్రము పలికి ఆమె ఊరకున్నది. కనుల నీరు నిండినది. ఆ కన్నీరు ఆనందమువలన వచ్చినదో, దుఃఖమువలన వచ్చినదో ఆమెకే తెలియలేదు.

ఆ కన్నీటిలో ఏమున్నదో విడదీసి చూచుట అవసరము. అందు మొదటిది దేహశ్రమ. రాత్రులు సరియైన నిద్ర లేదు. వరుసలో గంటల తరబడి నిలుచుట, మెట్లెక్కుట, బండిలో కూర్చుండియే కునుకు తీయుట వీనివలన శరీరము సడలియుండును. సడలిన శరీరమున మనస్సు కూడ క్రుంగును. దీనిని ఆధ్యాత్మిక సంకటముగా భావించి కలవరపడ పనిలేదు. భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు ఆహారవిహారములందును, నిద్రాజాగరణములందును మితము పాటించువానికే యోగము దుఃఖమును పోగొట్టునని బోధించెను. కావున ఇల్లు చేరినవారు మొదట చేయవలసినది స్నానము, వేడియన్నము, కంటినిండ నిద్ర. వీలైనచో తిరిగివచ్చిన దినమునకును, పనిలో చేరు దినమునకును నడుమ ఒక్కరోజు ఎడమిచ్చుకొని యాత్రను నిర్ణయించుకొనుట మేలు. కొండపై ఒక క్షేత్రమును తగ్గించుకొనియైనను ఇంట ఒక దినము మిగుల్చుకొన్నవాడు నష్టపోడు.

రెండవది విరామము తీరుట. ఇందులో కొంత నిజమును ఒప్పుకొనవలసి యున్నది. యాత్రలో గృహస్థునకు దొరికినది స్వామిదర్శనము మాత్రమే కాదు. పై అధికారి పిలుపు లేని నాలుగు దినములు కూడ దొరికినవి. ఇల్లాలికి దొరికినది మంగళాశాసనము మాత్రమే కాదు. ఇతరులు వండి వడ్డించిన అన్నము కూడ దొరికినది. సత్రములో విస్తరి ముందు కూర్చుండి తిను సుఖము ఏడాది పొడుగునను ఇతరులకు వడ్డించు చేతికి ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. అది పోయినదని ఆమె విచారించుట అపచారము కాదు. ఆ విచారమునకు మందు భజన కాదు. ఇంటివారు పని పంచుకొనుటయే. మూట విప్పి బట్టలు తడుపుట, బిందె నింపుట, ఆ పూట పొయ్యి వెలిగించుట ఇంటి మగవారును పిల్లలును చేసినచో అదియే యాత్రాఫలములో మొదటి భాగము. ఏడుకొండలెక్కిన కాళ్లు వంటయింటి గడప దాటలేవని యెవరనగలరు?

ఈ రెండును తీసివేసిన తరువాత కూడ మిగులునది మూడవది. నిద్ర తీరినను, పని పంచుకొన్నను, ఏదో వెలితి మిగిలియుండును. పన్నెండు గంటలు నిలుచుండి, ఒక్క క్షణము మాత్రము కాంచిన ఆ మూర్తి కనుల ముందు మెరసి మరుగై పోవుచుండును. సరిగా చూడలేదే, కోరవలసినది కోరలేదే, మరల ఎన్నడో అను తపన కలుగును. ఇదియే అసలైన దిగులు. శ్రీవైష్ణవ వ్యాఖ్యాతలు భగవంతునితోడి కూడికను సంశ్లేషమనియు, ఎడబాటును విశ్లేషమనియు వ్యవహరించిరి. నమ్మాళ్వారులు ఆ విశ్లేషమున తమను నాయికగా భావించి, పరాంకుశనాయికయై విలపించిరి. అంతటి మహనీయునకు కలిగినదే మెదకులోని సామాన్య గృహిణికిని ఇంతపాటిగా కలిగినది. ఇందు సిగ్గుపడవలసినది ఏమియును లేదు.

క్షణకాల దర్శనమునకు తొలి యుదాహరణము నారదమహర్షియే. శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున ఆ మహర్షి తన పూర్వజన్మవృత్తాంతమును వేదవ్యాసునకు వినిపించెను. ఆ జన్మమున అతడు ఒక దాసికి జన్మించిన బాలుడు. వర్షాకాలమున ఒకచోట నిలిచిన సాధువులకు పరిచర్య చేసి, వారి యొద్ద హరికథలు వినెను. తల్లి పాముకాటుచే మరణించిన పిమ్మట ఒంటరియై దేశములు తిరిగి, నిర్జనారణ్యమున ఒక రావిచెట్టు క్రింద కూర్చుండి ధ్యానింపగా, హృదయమున శ్రీహరి సాక్షాత్కరించెను. మరుక్షణమే ఆ రూపము అదృశ్యమయ్యెను. బాలుడు తటాలున లేచెను. మరల చూడగోరి ఎంత యత్నించినను కనబడలేదు. రోగివలె తపించెను. అప్పుడు అశరీరవాణి పలికినది: ఈ జన్మమున మరల దర్శనము లేదు, ఒక్కసారి చూపుట కోరికను పెంచుటకే యని.

ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. ఆ బాలుడు అటుపిమ్మట రావిచెట్టు క్రిందనే కూర్చుండిపోలేదు. భగవన్నామములు పలుకుచు, సిగ్గు విడిచి, అసూయ విడిచి, భూమియంతట సంచరించెను. ఒక్క క్షణపు దర్శనము అతనికి జన్మాంతము వరకు సరిపోయెను. తదుపరి జన్మమున అతడే వీణాపాణియై ముల్లోకములకు హరికీర్తనను పంచెను. "ఒక్క ఘడియ గూడ నిలువనియ్యలేదవ్వా, చూసినట్లే చూసిన" అని మెదకు ఇల్లాలు ముసలమ్మతో చెప్పుకొనినచో, నారదుడు కూడ అంతకంటె ఎక్కువ సేపు చూడలేదని ఆమెకు గుర్తుచేయువారు కావలెను.

ఎడబాటుతో తిరిగివచ్చి ఇంట ఎట్లు మెలగవలెనో చూపినవాడు భరతుడు. అతడు చిత్రకూటమునకు పోయి శ్రీరాముని దర్శించెను, తిరిగి రమ్మని ప్రార్థించెను, స్వామి రాలేదు. పాదుకలను మాత్రము తలపై మోసికొని భరతుడు అయోధ్యకు మరలెను. ఆ నగరమెట్లు కనబడెనో చెప్పుటకు వాల్మీకిమహర్షి అయోధ్యాకాండమున ఒక సర్గమును దాదాపు పూర్తిగా వినియోగించెను. వీధులు అవే, మేడలు అవే. కాని వెలుగు లేదు, పాట లేదు, పూలవాసన లేదు. యాత్ర నుండి వచ్చినవారి కంటికి సొంత ఊరు ఎట్లు వెలవెలపోయి కనబడునో ఆ సర్గము చెప్పినట్లు మరియొకటి చెప్పలేదు.

భరతుడు రెండు త్రోవలను విడిచెను. రాముడు లేని ఈ పురమేల యని అడవికి పారిపోలేదు. ఏమియు జరుగనట్లు సింహాసనమెక్కి సుఖింపను లేదు. నందిగ్రామమున పాదుకలను నిలిపి, ఛత్రము పట్టించి, రాజ్యకార్యములన్నియు వానికి విన్నవించి నడిపెను. పదునాలుగేండ్లు అట్లు గడచెను. శ్రీరాముడు తిరిగి వచ్చినపుడు భరతుడు అప్పగించిన లెక్క గమనింపదగినది. కోశము, ధాన్యాగారము, సైన్యము పదింతలైనవని అతడు విన్నవించెను. అదియును తన ప్రతాపము కాదు, స్వామి తేజస్సే యనెను. దిగులుతో కూడిన పదునాలుగేండ్లలో రాజ్యము క్షీణింపలేదు. చేయు ప్రతి పని స్వామిదే యను భావము ఆ దిగులును పంటగా మార్చినది.

గోకులమున గోపికలు చేసినదియు ఇదియే. శ్రీకృష్ణుడు మథురకు పోయిన పిమ్మట ఉద్ధవుడు వ్రేపల్లెకు వచ్చెను. నందునితో రాత్రియంతయు కృష్ణకథలు ముచ్చటించుచు గడపెను. తెల్లవారుజామున అతని చెవిని పడినది విలాపము కాదు. గోపికలు దీపములు వెలిగించి, గడపలు పూజించి, పెరుగు చిలుకుచు కృష్ణుని పాడుచుండిరి. ఆ పాట కవ్వపు సవ్వడితో కలిసి ఆకాశమునంటెనని భాగవతము చెప్పుచున్నది. కవ్వము ఆగలేదు, పాటయు ఆగలేదు. జ్ఞానము బోధింపవచ్చిన ఉద్ధవుడు వారి పాదధూళిని కోరుకొని మరలెను. వంటయింట నిలిచిన ఇల్లాలికి ఇంతకు మించిన ఆదర్శము వేరొకటి కలదా?

అయినను ఒక సందేహము మిగులును. కొండపై నున్న స్వామి కొండపైననే యుండగా, కోటగుట్ట క్రింది ఈ ఇంట ఆయన ఎట్లు లభించును? దీనికి సమాధానము శ్రీరంగమున నివసించిన పిళ్లైలోకాచార్యులు తమ శ్రీవచనభూషణమున ఒక నీటి దృష్టాంతముతో ఇచ్చిరి. భగవంతుని అంతర్యామిరూపము భూమిలోపలి జలమువంటిది, త్రవ్వుకొనగలవానికే దొరకును. పరరూపము బ్రహ్మాండమును చుట్టిన జలమువంటిది, అందరానిది. వ్యూహరూపము పాలకడలివంటిది, వినుటకే గాని చేరుటకు కాదు. రామకృష్ణాది విభవావతారములు వరదవంటివి. పొంగి పారిన నాటివారికే దక్కినవి. అర్చామూర్తి యన్ననో, వరద తీసిన పిమ్మట నదిలో నిలిచిన మడుగువంటిది. దాహము కలవాడు ఎప్పుడైనను వంగి త్రాగవచ్చును.

ఈ మాట వ్రాసిన ఆచార్యులకు ఎడబాటు తెలియనిది కాదు. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపై పడినపుడు, మిక్కిలి వృద్ధులైన ఆ మహనీయులు నంపెరుమాళ్ల ఉత్సవమూర్తిని రక్షించుటకై దానితో ఊరు విడిచిరి. మధుర ప్రాంతమున జ్యోతిష్కుడి యను పల్లెలో వారు పరమపదించిరి. మూర్తి ఊరూరు తిరిగి, తిరుమలలో కూడ కొంతకాలము నిలిచి, 1371లో శ్రీరంగము చేరినది. తిరుమల ఆలయములోని రంగనాయకుల మంటపము ఆ నివాసమునకు గుర్తు. నలుబదియెనిమిదేండ్లు శ్రీరంగవాసులు తమ స్వామి లేని ఊరిలో బ్రతికిరి. నాలుగు దినముల యాత్ర తరువాత కలుగు వెలితిని ఆ నలుబదియెనిమిదేండ్ల ప్రక్కన నిలిపి చూచినచో, ఓర్పు అను మాటకు అర్థము తెలియును.

మెదకువారికి మడుగు దృష్టాంతమును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. మంజీరానది వారి కనుల యెదుటనే యున్నది. ఏడుపాయల వద్ద అది పాయలుగా చీలి పారును. వానకాలమున ఎర్రగా పొంగును; ఎండకాలమున ఇసుక తేలి అక్కడక్కడ నీరు నిలుచును. యాత్ర యనునది వరదవంటిది. గట్టుపై నిలిచి చూచినవానికి ఒడలు పులకరించును. కాని చూచినంతమాత్రమున పొలము తడియదు. ఆ సంగతి ఎరిగినవారు 1905లోనే ఘనపురము వద్ద మంజీరకు ఆనకట్ట కట్టిరి. మహబూబునహరు, ఫతేనహరు అను రెండు కాలువలు త్రవ్వి నీటిని పొలములకు మళ్లించిరి. నదితో పోల్చినచో కాలువ చిన్నది. దానికి హోరు లేదు, నురుగు లేదు. మడి తడియుట మాత్రము దానివలననే.

యాత్ర ముగిసిన దిగులునకు సరియైన చికిత్స ఇట్టి కాలువ త్రవ్వుకొనుటయే. కొండపై జరిగినదంతయు ఇంట జరుపుట ఎవరికిని సాధ్యము కాదు. అట్లు సంకల్పించినవాడు పదునైదు దినములలో అలసి అన్నియు విడుచును. ఒక్కటి చాలును. సుప్రభాతవేళకు కొండపై లేచినవాడు ఇంటను అరగంట ముందు లేచి దీపము పెట్టవచ్చును. మెట్టుమెట్టునకు నామము పలికినవాడు కార్యాలయపు మెట్లెక్కునపుడు కూడ పలుకవచ్చును. వరుసలో గంటల తరబడి ఓర్చుకొన్నవాడు ఇంట ముసలి తండ్రి మాట ముగియువరకు ఓర్చుకొని వినవచ్చును. శనివారమున ఊరిలోని విష్ణ్వాలయమునకు పిల్లలతో పోయి ప్రదక్షిణము చేయవచ్చును. అచట తోపులాట లేదు, చూచినంతసేపు చూడవచ్చును. కొండపై దొరకని ఆ నిలుకడ ఊరి గుడిలో ఊరకనే దొరకును. ఆ స్వామి ఈ స్వామి వేరుగారు. ఇది చిన్న మడుగు, అంతే, నీరు ఒక్కటియే.

ఇక సంచిలోని ప్రసాదపు పొట్లము సంగతి. కులశేఖరాళ్వారులు చేరదేశపు రాజై యుండియు, వేంకటాద్రిపై పక్షిగనో, చేపగనో, చెట్టుగనో పుట్టిన చాలునని కోరి, తుదకు స్వామి గడపకు మెట్టుగా పడియుండి ఆ ముఖమును చూచుచుండవలెనని ప్రార్థించిరి. నేటికిని గర్భగుడి గడపకు కులశేఖరపడి యని పేరు. భగవద్రామానుజుల శిష్యులు, తిరుమలలో పూలతోట పెంచి సేవించిన అనంతాళ్వారులు ఒకసారి కొండ దిగి ప్రయాణము చేయుచు మార్గమున అన్నపు మూట విప్పగా అందు చీమలు కనబడినవట. వేంకటాద్రిపై ఏదో యొక జన్మము కావలెనని ఆళ్వారులు కోరిరి గదా, ఈ చీమలు ఎవరో యేమో, వీనిని కొండకు దూరము చేయుట తగదని తలచి వారు వానిని తిరిగి కొండకు చేర్పించిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కొండ విడిచిన చీమకు దిగులు కలుగునేమో యని శంకించిన దయ అది. కొండ విడిచిన మనుష్యుని దిగులును స్వామి ఎరుగడా?

ఆ చీమ కొండకు తిరిగి పోయినది. మనుష్యునకు మాత్రము వేరు పని యున్నది. అతడు కొండను ఇంటికి తేవలెను. ప్రసాదమునకు ఆ శక్తి కలదు. ఈ ఊరికి మెతుకుదుర్గమని పాతపేరు. సీమకు మెతుకుసీమ యని వాడుక. మెతుకు విలువ ఎరిగిన నేల ఇది. భారతకథలో పాండవులు అరణ్యవాసము చేయునపుడు దుర్వాసుడు శిష్యగణముతో అకాలమున వచ్చెను. ద్రౌపది అప్పటికే భుజించి పాత్ర కడిగియుండెను. మొర విని వచ్చిన శ్రీకృష్ణుడు అక్షయపాత్రను తెప్పించి, అంచున అంటియున్న మెతుకును ఆకుకూర తునుకను నోట వేసికొనెను. అంతటితో ఏటిలో స్నానమాడుచున్న ఋషులందరి ఆకలి తీరెను. మిగిలినది ఒక్క మెతుకే. దానిని స్వామికి అప్పగించుటచేత అది అందరికి సరిపోయినది. యాత్రలో తనకు మిగిలినది ఒక్క క్షణపు దర్శనమే యని విచారించువాడు దానిని దాచుకొన్నచో అది తనకే చాలదు. పంచినచో పదిమందికి చాలును.

అందుచేతనే యాత్ర నుండి వచ్చినవారు ప్రసాదమును వాడవాడల పంచు ఆచారమును పెద్దలు నిలిపిరి. సమారాధన చేసి నలుగురికి అన్నము పెట్టుటయు అందుకే. పొట్లము చేతిలో పెట్టి వచ్చివేయుట పంచుట కాదు. మోకాళ్ల నొప్పులతో కొండ యెక్కలేని ముసలమ్మ యొద్ద పావుగంట కూర్చుండి, ఏ ద్వారము నుండి లోనికి పోయినది, ఏ రంగు పట్టు కట్టియుండిరి, దీపకాంతిలో ముఖమెట్లుండెను అని చెప్పవలెను. చెప్పుచుండగా చెప్పువానికే మరల దర్శనమగును. నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. వినువారికి మొదటిది, చెప్పువారికి రెండవది ఆ పావుగంటలో సిద్ధించును. మెదకు ఇల్లాలు కన్నీరు తుడుచుకొని ముసలమ్మ చేత లడ్డూతునుక పెట్టి, "కూసో అవ్వా, చెప్తా" అని మొదలుపెట్టిన క్షణముననే ఆమె యాత్ర పూర్తియైనది.

వెలవెలపోయి కనబడు ఊరిని గూర్చియు ఒక మాట. తిరిగివచ్చినవారికి విసుగు పుట్టించు ఈ మెదకును చూచుటకై ఎచటెచటి నుండియో జనులు వచ్చుచున్నారు. కాకతీయులనాటి కోటలో సింహద్వారమును, గజద్వారమును చూచి అచ్చెరువొందుదురు. 1924లో ప్రతిష్ఠయైన చర్చి యెదుట నిలిచి తలలెత్తి చూతురు. కరవు నాళ్లలో ఆకలిగొన్నవారికి పని చూపి మెతుకు పెట్టుటకై దానిని కట్టించిరని ఊరివారు వారికి చెప్పుదురు. శివరాత్రికి ఏడుపాయలలో జాతర జరుగును. ఒకరి నిత్యవాసము మరియొకరికి యాత్రాస్థలము. అనగా వెలవెల ఊరిలో లేదు, అలసిన కంటిలో నున్నది. కొండపై ప్రతి రాతిని భక్తితో చూచిన ఆ కన్నే సొంత వాకిటను కూడ చూచినచో, ముగ్గు వేయు చోటు కూడ మాడవీథియై తోచును.

ఇచట ఒక హెచ్చరిక చేయుట ధర్మము. యాత్రానంతర దిగులు సాధారణముగా కొలది దినములలో తేలికపడును. రెండు వారములు గడచినను మనస్సు తేరుకొనక, నిద్ర పట్టక, అన్నము సయించక, ఏ పనియందును ఆసక్తి లేక, బ్రతుకు వ్యర్థమని తోచుచున్నచో అది విరహమని సరిపెట్టుకొనరాదు. అది వ్యాధి కావచ్చును, వైద్యుని చూడవలెను. ఇంటివారు దానిని భక్తిలోపమని నిందింపరాదు. భారతప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. క్షీరసాగరము నుండి అమృతకలశముతో వెలువడిన ధన్వంతరియు శ్రీమన్నారాయణుని అవతారమే. ఔషధము స్వీకరించుట ఆ అవతారమును సేవించుటయే గాని వేరు గాదు.

మిగిలిన దిగులును మాత్రము పూర్తిగా పోగొట్టుకొనవలెనని తొందరపడ నక్కరలేదు. రాసక్రీడలో అంతర్ధానమై తిరిగి కనబడిన శ్రీకృష్ణుడు గోపికలకు ఒక పోలిక చెప్పెను. పేదవాడొకడు ధనము దొరికి పోగొట్టుకొనినచో, అతని మనస్సు ఆ ధనమునందే నిలుచును, వేరొకటి ఎరుగదు. తన మరుగు కూడ అట్టిదే యని స్వామి పలికెను. దొరకనివానికి దిగులుండదు. దొరికినవాడే దిగులుపడును. కావున ఆ చిన్న వెలితి స్వామి ఇంటికి పంపిన గుర్తు. దానిని పాదుకలవలె తలపై మోసి తెచ్చి, నిత్యకృత్యముల నడుమ ప్రతిష్ఠించి, పనులన్నియు దానికి విన్నవించుచు నడుపువాడు భరతుని మార్గమున నున్నవాడు.

నాలుగవనాడో ఐదవనాడో ఆ ఇంట పొయ్యి మామూలుగా వెలుగును. బట్టలు ఆరును. గృహస్థు ఉదయపు బస్సునకు పోవును. ఇల్లాలు బియ్యము కడుగుచు తెలియకయే గోవిందనామము పలుకును. ఎసరు మరగుచుండగా ఆ పలుకు విన్నవారెవరును లేరు, వినవలసినవాడు వినెను. కొండ దిగిన మనస్సు ఇల్లు చేరినది.

శ్రీవేంకటేశ్వరుని కటాక్షము యాత్ర చేసినవారిపైనను, చేయలేక ఇంటనే స్మరించువారిపైనను సమముగా ప్రసరించుగాక. మెతుకుసీమలో ప్రతి యింట అన్నము, నామము ఎడతెగకుండుగాక.